సినీమ్యాజిక్: గుట్టు దాచని పత్రిక

సినిమాలో ఒక రాక్షసుడు కొండంత ఎత్తున లేచి నిలబడితే హాల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "ఇదెలా తీశారబ్బా?" అని. పక్కనున్నవాళ్ళు చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే. "గ్రాఫిక్స్. కోట్లు ఖర్చుపెట్టారట." అది జవాబు కాదు, అడిగినవాడి నోరు మూయించే మాట. ఎలా తీశారన్న ప్రశ్నకి నిజంగా జవాబు చెప్పడం కోసమే పుట్టిన పత్రిక ఒకటుంది. దాని పేరు సినీమ్యాజిక్. 1972లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో డాన్ డోహ్లర్ అనే ఆయన దాన్ని మొదలుపెట్టాడు. ఇంట్లోనో పెరట్లోనో, సొంత డబ్బుతో, చిన్న కెమెరాతో సినిమాలు తీసుకునే కుర్రాళ్ళకి ట్రిక్కులు నేర్పడం దాని పని.

ఆ పత్రిక పాత సంచికల స్కాన్ ప్రతులు కొన్ని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. డోహ్లర్ తీసిన 'ది ఏలియన్ ఫ్యాక్టర్' సినిమా కూడా చూశాను. ఆ పత్రిక మీద నాకు గౌరవం ఉంది, ఫిర్యాదులూ ఉన్నాయి. రెండూ రాస్తాను.

ముందు ఆ కాలం సంగతి కొంచెం చెప్పాలి. కోడాక్ కంపెనీ 1965లో సూపర్ 8 అనే ఫిల్మును తెచ్చింది. ఫిల్ము ఒక ప్లాస్టిక్ డబ్బీలో ఉంటుంది. దాన్ని కెమెరాలో దూర్చి మీట నొక్కడమే. డబ్బీలో 50 అడుగుల ఫిల్ము, అడుగుకి 72 బొమ్మలు, మొత్తం 3600 బొమ్మలు. సెకనుకి 18 చొప్పున పోతే 200 సెకన్లు వస్తుంది, అంటే 3 నిమిషాల 20 సెకన్లు. అంతే, డబ్బీ ఖాళీ. తరువాత దాన్ని కడగడానికి ల్యాబుకి పంపాలి. అది కడిగి తిరిగి వచ్చేదాకా లోపల ఏం పడిందో తెలీదు. మనం ఇప్పుడు ఫోన్‌లో తీసి, నచ్చకపోతే తుడిచేసి, అక్కడే నిలబడి మళ్ళీ తీస్తాం. వాళ్ళకి ఆ సుఖం లేదు. తప్పు చేసిన సంగతి డబ్బు పోయాక, రోజులు గడిచాక తెలుస్తుంది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. భూతాలూ దెయ్యాలూ చూపించడానికి పాతకాలం నుంచీ ఉన్న సులువైన ఉపాయం ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీయడం. మొదట ఖాళీ గది తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి, నల్లగుడ్డ ముందు నిలబడ్డ మనిషిని దాని మీదే తీస్తే గదిలో పారదర్శకంగా దెయ్యం నిలబడుతుంది. సూపర్ 8 డబ్బీ లోపలి అమరిక అలాంటిది కాదు. దాన్ని కొద్దిపాటి బొమ్మల మేర తప్ప వెనక్కి తిప్పడం కుదరదు. అందరికీ అందుబాటులోకి వచ్చిన కెమెరాయే అందరికీ కావలసిన ట్రిక్కుకి అడ్డం తిరిగిందన్న మాట. కాబట్టి వేరే దారులు వెతకాలి. గాజుపలక మీద కోట బొమ్మ వేసి కెమెరా ముందు పెట్టడం, చిన్న వస్తువును దగ్గరగానూ మనిషిని దూరంగానూ నిలబెట్టి ఇద్దరూ పక్కపక్కనే ఉన్నట్టు చూపించడం, వాలుగా పెట్టిన అద్దంలోంచి రెండు దృశ్యాలు కలపడం. ఇవన్నీ కెమెరా లోపలే, ఒక్కసారిలోనే అయిపోయే పనులు. సినీమ్యాజిక్ లాంటి పత్రికకి చోటు దొరికింది ఈ ఇరుకులోనే.

అంతకుముందు రాక్షసుల పత్రికలు లేవా అంటే ఉన్నాయి. 1958లో వచ్చిన 'ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌లాండ్' అమెరికా పిల్లల్లో చాలా పేరున్న పత్రిక. ఫారెస్ట్ అకర్మన్ దాని సంపాదకుడు. నిండా ఫోటోలు, చమత్కారాలు. అది పిల్లలకి ఆకలి పుట్టించింది గానీ వంట నేర్పలేదని నా అభిప్రాయం. ఒక్క మినహాయింపు చెప్పాలి. ఆ పత్రిక వాళ్ళే 1965లో డిక్ స్మిత్ అనే మేకప్ నిపుణుడి చేత ఇంట్లో రాక్షస మేకప్ వేసుకునే విధానం ఒక పుస్తకంగా రాయించి వేశారు. ఆ డిక్ స్మిత్‌కే తరువాత 'అమదేయస్' సినిమాకి ఆస్కార్ వచ్చింది. అంతటి పనివాడు పిల్లల కోసం కూర్చుని రాశాడంటే ఎంత పెద్ద మనసో చూడండి.

డోహ్లర్ అంతటి పనివాడు కాదు. అతని ప్రత్యేకత కూడా అక్కడే ఉంది. 1946లో పుట్టిన మనిషి, కుర్రతనంలోనే 'వైల్డ్' అని ఒక హాస్యపత్రిక సొంతంగా నడిపాడు. పత్రిక అంటే పెద్ద ఆఫీసు, పెద్ద ప్రెస్సు ఉండాలన్న భయం అతనికి అప్పుడే పోయి ఉంటుంది. సినీమ్యాజిక్‌లో రాసినవాళ్ళలో చాలామంది అతనిలాంటివాళ్ళే. పగలు వేరే పనో చదువో, రాత్రిళ్ళు నేలమాళిగలో బొమ్మలు. వాళ్ళు తెలిసింది రాయరు, చేసింది రాస్తారు. ఈ రెండింటికీ తేడా పెద్దదని ఆ పేజీలు చదివాకే నాకు బాగా పట్టుబడింది. చేసిన మనిషి రాస్తే "తగినంత" అని రాయడు. ఎంత, ఎన్ని నిమిషాలు, ఎంత దూరం, ఏది ముందు, ఏది తరువాత అని రాస్తాడు. ఎక్కడ విరుగుతుందో కూడా రాస్తాడు. మన ఇళ్ళలో వంట చెప్పేటప్పుడు "ఉప్పు సరిపడా వెయ్యి" అంటారు కదా, ఆ "సరిపడా" ఎంతో తెలిసేసరికి మూడు కూరలు పాడవుతాయి. ల్యాబు ఖర్చు పెట్టి ఫిల్ము కడిగించుకునేవాడికి మూడు కూరలు పాడుచేసుకునే స్తోమత ఉండదు.

ఈ రంగంలో అందరూ వాడే లెక్క ఒకటి చెప్తాను. ఇలాంటి రాత విలువ ఏమిటో దానితో తెలుస్తుంది. అట్టతో చిన్న ఇల్లు కట్టి, దాన్ని కూల్చి, మామూలుగా సినిమా తీస్తే అది బొమ్మ ఇల్లు కూలినట్టే ఉంటుంది. ఎంత బాగా రంగులు వేసినా సరే. ఎందుకు? పడే వేగం వల్ల. 16 అడుగుల ఎత్తునుంచి ఇటుక పడటానికి దాదాపు ఒక సెకను పడుతుంది. అదే గోడను పదహారో వంతుకి తగ్గించి ఒక అడుగు ఎత్తున కడితే, దాని పైనుంచి ముక్క పడటానికి పావు సెకను చాలు. మన కంటికి ఆ తొందర వెంటనే పట్టుబడుతుంది. దాన్ని నాలుగు రెట్లు నెమ్మది చెయ్యాలి. అంటే సెకనుకి 24 బొమ్మల బదులు 96 బొమ్మలు తీసి, మామూలు వేగంతో వెయ్యాలి. పదహారుకి వర్గమూలం నాలుగు, అంతే రహస్యం. సూపర్ 8 కెమెరాల్లో కొన్నిటికి సెకనుకి 54 తీసే వీలుండేది. 18కి 54 మూడు రెట్లు. మూడుకి వర్గం తొమ్మిది. కాబట్టి ఆ కెమెరా ఉన్నవాడు తన ఇల్లు తొమ్మిదో వంతులో కట్టుకోవాలి. ఎనిమిదో తరగతిలో వర్గమూలాలు మేమూ చేశాం. దాని వల్ల ఒక ఇల్లు కూలుతుందని మాత్రం ఏ లెక్కల పుస్తకమూ చెప్పలేదు.

నీళ్ళ దగ్గర ఈ లెక్క కూడా మొరాయిస్తుంది. ఓడను ఎంత చిన్నగా చేసినా నీటిబొట్టు చిన్నది కాదు. అందుకే టబ్బులో తీసిన తుఫాను టబ్బులో తీసినట్టే ఉంటుంది, పాత సినిమాలు చూసినవాళ్ళకి ఇది తెలిసిందే.

ఇక బొమ్మల్ని కదిలించే పని. దీన్ని స్టాప్ మోషన్ అంటారు. బొమ్మను ఒక వెంట్రుకవాసి జరపడం, ఒక బొమ్మ తీయడం, మళ్ళీ జరపడం, మళ్ళీ తీయడం. సెకనుకి 18 చొప్పున పది సెకన్ల నడకకి 180 సార్లు. మధ్యలో తుమ్మి బల్లకి చెయ్యి తగిలిందా, మొదటికొస్తుంది. లోపల ఉండే ఎముకలగూడుని వాళ్ళు ఆర్మేచర్ అంటారు. (మోటార్ రీవైండింగ్ షాపులో ఆర్మేచర్ వేరు, ఇది వేరు.) డబ్బున్నవాళ్ళు లోహపు గుండు కీళ్ళు చేయించుకుంటారు. లేనివాళ్ళు అల్యూమినియం తీగ మెలిపెట్టి వాడతారు. తీగ చవక, కానీ ఒకేచోట పదే పదే వంచితే పుటుక్కున తెగుతుంది, అదీ సరిగ్గా సన్నివేశం మధ్యలో. 1933 నాటి 'కింగ్ కాంగ్'లో అంత పెద్ద కోతి నిజానికి అడుగున్నర బొమ్మ. దాని బొచ్చు ఊరికే అటూ ఇటూ కదులుతూ ఉంటుంది, గాలికి కాదు, ప్రతిసారీ పట్టుకుని జరిపిన వేళ్ళ వల్ల. ఇది తెలిశాక నాకు ఆ కోతి మీద ఇష్టం పెరిగిందే గానీ తగ్గలేదు. బొచ్చు కదిలిన ప్రతిచోటా ఒక మనిషి చెయ్యి కనబడుతుంది.

మా సోలాపూర్‌లో ఈ పనిని అర్థం చేసుకోవడానికి సినిమావాళ్ళ దగ్గరకి పోనక్కరలేదు. జకార్డ్ మగ్గం మీద చద్దర్ నేసేటప్పుడు చిల్లులు కొట్టిన అట్టలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతాయి. ఒక్కో అట్టకి ఒక్కో పేక వరస. ఒక్క వరస చూస్తే అందులో నెమలీ లేదు, పువ్వూ లేదు. వందల వరసలు పడ్డాకే నెమలి కనబడుతుంది. అట్టలో ఒక్క చిల్లు తప్పు పడితే నెమలి ముక్కు వంకరపోతుంది, ప్రతి చద్దర్‌లోనూ. బొమ్మను 180 సార్లు జరిపేవాడి ఓపికా, అట్టలు కొట్టేవాడి ఓపికా ఒక్క జాతివే.

ఇంతవరకూ పొగిడాను. ఇప్పుడు ఫిర్యాదులకి వస్తాను.

మొదటిది పెద్దది. సినీమ్యాజిక్ జీవిని చెయ్యడం నేర్పింది, ఆ జీవి ఎవరికి కనబడుతుందో, కనబడితే వాళ్ళకేమవుతుందో ఆలోచించడం అంతగా నేర్పలేదు. దీనికి సాక్ష్యం డోహ్లర్ సొంత సినిమాయే. 'ది ఏలియన్ ఫ్యాక్టర్' 1978లో వచ్చింది. ఒక చిన్న ఊరి దగ్గర అంతరిక్ష నౌక కూలిపోతుంది. అందులో ఉన్నవి వేరే గ్రహాల మృగాలు. అవి తప్పించుకుని ఊరిమీద పడతాయి. పురుగులాంటి జీవి ఒకటి, ఒళ్ళంతా బొచ్చున్న పొడుగాటి జీవి ఇంకొకటి, లీమాయిడ్ అనే మూడోది. ఈ లీమాయిడ్‌ను ఎర్నెస్ట్ ఫరీనో అనే యువకుడు స్టాప్ మోషన్‌తో కదిలించాడు. ఆ జీవుల మీద పడిన శ్రమ తెర మీద కనబడుతుంది. కానీ వాటికీ వాటికీ మధ్య మనుషులు మాట్లాడుకునే దృశ్యాలు వస్తాయి చూడండి, అవి గోడకి చేరగిలబడి పాఠం అప్పజెప్పినట్టు ఉంటాయి. ఒకరు మాట్లాడతారు, ఆగుతారు, రెండోవారు మాట్లాడతారు. అడవిలో మనిషి నడుస్తూనే ఉంటాడు, నడుస్తూనే ఉంటాడు. ఆ నడక దేనికో తీసినవాళ్ళకే తెలియాలి. జీవికి కేటాయించిన ఆలోచనలో పదో వంతు మనుషులకి కేటాయించి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

అయితే ఆ సినిమాలో రెండు విషయాలు నాకు నచ్చాయి, అవి ట్రిక్కులు కావు. ఒకటి, ఊరి మేయర్. మనుషులు చస్తున్నా అతను బయటి పోలీసుల్ని పిలవనంటాడు. ఊరికి రాబోయే వినోద పార్కు ఎక్కడ ఆగిపోతుందోనని అతని భయం. ఇలాంటి మనిషి అన్ని ఊళ్ళలోనూ ఉంటాడు, అతన్ని చెయ్యడానికి రబ్బరూ అక్కరలేదు, తీగా అక్కరలేదు. రెండోది ముగింపు. మృగాల్ని వేటాడి ఊరిని కాపాడిన మనిషి కూడా నిజానికి వేరే గ్రహంవాడేనని చివర్లో తెలుస్తుంది. అతని అసలు ముఖం బయటపడుతుంది. ఆ ముఖం చూసి బెదిరిపోయి మనుషులే అతన్ని కాల్చి చంపుతారు. ఆ ముఖం మేకప్పు మిగతా జీవుల కన్నా గొప్పదేమీ కాదు. కానీ సినిమా మొత్తంలో నా మనసులో నిలిచిన ముఖం అదే. ఎందుకంటే అంతకుముందు గంటసేపు మనం అతన్ని మనిషిగా చూశాం. మేకప్పుకి బలం రబ్బరు వల్ల రాదు, దాని ముందు ఏం జరిగిందన్న దాని వల్ల వస్తుంది. పత్రిక అంత కచ్చితంగా కొలతలు రాసినప్పుడు, ఈ కొలత గురించి కూడా ఒక పేజీ పెట్టి ఉండవచ్చు.

దీనికి పత్రిక తరఫున ఒక సమాధానం చెప్పుకోవచ్చు. కథ రాయడం నేర్పే పుస్తకాలు అప్పటికే చాలా ఉన్నాయి, రబ్బరు ముఖం పొయ్యడం నేర్పేవి లేవు, లేనిదాన్ని మేమిచ్చాం అని. ఈ మాట న్యాయమే. అయినా చదివే కుర్రాడికి పదమూడేళ్ళో పద్నాలుగేళ్ళో. వాడి దగ్గర ఉన్నది ఇదొక్క పత్రికే. అందులో ఉన్నదే సినిమా అనుకుంటాడు.

రెండో ఫిర్యాదు జాగ్రత్తల గురించి. ఇది సినీమ్యాజిక్ ఒక్కదాని మీద కాదు, ఆ తరం ఇంటి ట్రిక్కుల రాతలన్నిటి మీదా. దొంగ రక్తం సంగతే తీసుకోండి. 'సైకో' (1960) నలుపు తెలుపు సినిమా కాబట్టి చాక్లెట్ సిరప్‌తో సరిపోయింది. రంగుల్లోకి వచ్చాక ఎరుపు సరిగ్గా రావాలి, గుడ్డ మీద పారాలి, చర్మం మీద ముద్దకట్టకూడదు. డిక్ స్మిత్ పేరుతో అందరూ వాడిన తయారీలో మొక్కజొన్న సిరప్, తినే రంగులతో పాటు ఫిల్ము కడిగేటప్పుడు వాడే ఫోటో ఫ్లో అనే ద్రవం కూడా కొంచెం ఉండేది. రక్తం చక్కగా పారడానికి అది. కానీ అది విషం. నోట్లోంచి కారే రక్తానికి దాన్ని వాడకూడదు. ఈ ఒక్క వాక్యం లేకుండా ఆ తయారీ చేతులు మారితే ఏమవుతుందో వేరే చెప్పాలా? నురుగు రబ్బరులో అమ్మోనియా ఉంటుంది, గాలి ఆడని గదిలో కలపకూడదు. పిల్లలకి నేర్పే రాతలో కొలత ఎంత ముఖ్యమో "కిటికీ తెరిచి పెట్టు" అన్న మాటా అంతే ముఖ్యం. అట్టల కత్తెర దగ్గర కూర్చోబెట్టేటప్పుడు మా నాన్న మొదట చెప్పేది వేళ్ళు ఎక్కడ పెట్టకూడదో. ఎక్కడ పెట్టాలో తరువాత.

మూడోది 1979 తరువాతి సంగతి. డోహ్లర్ 11 సంచికలు తెచ్చాక పత్రికను 'స్టార్‌లాగ్' ప్రచురణకర్తలు తీసుకున్నారు. అప్పటికి 'స్టార్ వార్స్' (1977) వచ్చి రెండేళ్ళయింది, అంతరిక్షం అంటే అమెరికా అంతా పిచ్చెక్కి ఉంది. కొత్త చేతుల్లోకి వెళ్ళాక పత్రిక ఎక్కువ ఊళ్ళకి, ఎక్కువ చేతులకి చేరింది. ఇంటి సినిమాల పాఠాలు మానలేదు, చిన్న సినిమాల పోటీ కూడా పెట్టారు. ఇవి మంచి పనులే. కానీ గొంతు మారిందని నాకనిపిస్తుంది. పెరట్లో పనిచేసేవాడి పక్కనే పెద్ద స్టూడియో పని నిలబడితే, చదివేవాడి చూపు దానిమీదికే పోతుంది. "నేనిది రేపు చేస్తాను" అన్న పాఠకుడు మెల్లగా "అబ్బ, వాళ్ళెంత బాగా చేశారో" అనే పాఠకుడవుతాడు. మొదట చెప్పానే, హాల్లో వినబడే పొగడ్త, అదే మళ్ళీ వెనక తలుపులోంచి వస్తుంది. 1987తో ఆ పత్రిక ఆగిపోయింది. అప్పటికి వీడియో కెమెరాలు ఇళ్ళలోకి వస్తున్నాయి.

ఈ పత్రిక గురించి ఎక్కడ మాట వచ్చినా జె.జె. అబ్రామ్స్ పేరు చెప్తారు. బడి వయసులో ఉండగానే అతను డోహ్లర్ సినిమా 'నైట్‌బీస్ట్' (1982)కి శబ్దాలు, సంగీతం చేసిపెట్టాడు. పెద్దయ్యాక 'స్టార్ ట్రెక్', 'స్టార్ వార్స్' సినిమాలు తీశాడు. 2011లో 'సూపర్ 8' అని 1979 నాటి పిల్లలు సినిమా తీసుకునే కథే తీశాడు. లీమాయిడ్‌ను కదిలించిన ఫరీనో కూడా తరువాత 'ది టెర్మినేటర్'కి పనిచేశాడు. ఇవి సంతోషించాల్సిన సంగతులే. కానీ ఇద్దరు పెద్దవాళ్ళయ్యారు కాబట్టి పత్రిక గొప్పదని లెక్కవేయడం నాకు నచ్చదు. అలా అయితే పెద్దవాళ్ళు కాని మిగతా పాఠకులంతా వృథా అయినట్టేగా? ఒక కుర్రాడు మూడున్నర నిమిషాల సినిమా తీసి, ఇంట్లో గోడకి దుప్పటి కట్టి పదిమందికి వేసి చూపించి, తరువాత బ్యాంకులో ఉద్యోగం చేసుకున్నాడనుకోండి. ఆ పదిమంది అరిచిన అరుపు నిజమే కదా. పత్రిక ఆ కుర్రాడి కోసం. అబ్రామ్స్‌కి ఎలాగూ ఏదో ఒక దారి దొరికేది.

మన దగ్గర ఇలాంటివాళ్ళు లేరా అంటే, మా రాష్ట్రంలోనే ఉన్నారు. నాసిక్ జిల్లా మాలేగావ్ కూడా మాలాగే పవర్‌లూమ్‌ల ఊరు. షేక్ నాసిర్ అనే ఆయనా, అతని స్నేహితులూ అక్కడ 'మాలేగావ్ కే షోలే' తీశారు. పెద్ద సినిమావాళ్ళ క్రేన్ బదులు ఎడ్లబండి, ట్రాలీ బదులు సైకిల్. తరువాత వాళ్ళు సూపర్‌మ్యాన్‌ను ఎగరేస్తుంటే ఫైజా అహ్మద్ ఖాన్ ఆ తంటాలన్నీ 2008లో 'సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్' అనే డాక్యుమెంటరీగా తీశారు. సూపర్‌మ్యాన్ వేషం వేసిన సన్నటి మనిషి పవర్‌లూమ్ కార్మికుడు. డోహ్లర్ సినిమాలో నేను వెతికి దొరకనిది ఇక్కడ పుష్కలంగా ఉంది. ట్రిక్కు ఎంత నాసిగా ఉన్నా ఆ మనుషులు మనుషుల్లాగే మాట్లాడతారు. మరి మాలేగావ్‌కి లేనిదేమిటి? రాత. ఎడ్లబండిని క్రేన్‌గా మార్చడానికి కాడి మీద బరువెంత పెట్టాలి, కెమెరా ఊగకుండా ఎలా కట్టాలి అన్నది ఎవరైనా బొమ్మ గీసి కాగితం మీద పెట్టి ఉంటే, ఇంకో ఊరి కుర్రాడు మొదటినుంచి మొదలుపెట్టక్కరలేదు. డాక్యుమెంటరీ చూస్తే నవ్వొస్తుంది, కళ్ళు చెమర్చుతాయి, కానీ బండి కట్టడం రాదు.

తెలుగులో ఇది ఇంకా బాధ. 'ది ఏలియన్ ఫ్యాక్టర్' వచ్చిన 1978లోనే మన విఠలాచార్య గారి 'జగన్మోహిని' వచ్చింది. ఆయన కన్నడదేశంలో ఉడుపి ప్రాంతంలో పుట్టి మద్రాసులో తెలుగు దెయ్యాల్ని ఆడించిన మనిషి. పొయ్యిలో కట్టెల బదులు కాళ్ళు పెట్టి వంట చేసే దెయ్యాన్ని చూసి ఇంటిల్లిపాదీ నవ్వుకుంటూ భయపడ్డారు. డోహ్లర్‌కి, ఆయనకి డబ్బు ఇబ్బందులు ఇంచుమించు ఒకటే అయ్యుంటాయి. కానీ విఠలాచార్య గారి దగ్గర జీవి ఎప్పుడూ ఒక ఇంట్లోకి వస్తుంది, ఒక అత్త ముందు, ఒక భర్త ముందు నిలబడుతుంది. అంతకు 21 ఏళ్ళ ముందు 'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడి ముందు లడ్డూలు వాటంతట అవే కదిలాయి. మార్కస్ బార్ట్లే కెమెరా పనితనమని మనం ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకుంటాం గానీ, కెమెరా ఎక్కడ పెట్టారు, ఎన్ని బొమ్మలకి ఒకసారి ఆపారు, పళ్ళెం కింద ఏముంది అన్నది తెలుగు బడిలో చదివే పిల్లవాడి చేతికి అందేలా ఎవరు రాసిచ్చారు? మన సినిమా వ్యాసాల్లో "అద్భుతం" అన్న మాటకి కొదవ లేదు. "అర అంగుళం" అన్న మాటే కనబడదు. స్టూడియోలో గురువు పక్కన నిలబడ్డ శిష్యుడికి ఆ విద్య అంది ఉంటుంది. మద్రాసుకీ హైదరాబాదుకీ దూరంగా, మరాఠీ బోర్డుల మధ్య తెలుగు చదువుకునేవాళ్ళకి గురువు పక్కన నిలబడే చోటు లేదు. మాకు కాగితమే గురువు. అది ఇంగ్లీషులో దొరికింది కాబట్టి నిఘంటువుతో చదివాం. తెలుగులో ఉంటే మా తమ్ముడు కూడా చదివేవాడు, వాడిది ఆరో తరగతి.

డోహ్లర్ 2006 డిసెంబరులో చనిపోయాడు. అతని సినిమాల్ని నేను మళ్ళీ చూస్తానని చెప్పలేను. అతని పత్రిక ప్రతులు మాత్రం మూసి పెట్టలేదు.

సూపర్ 8 లేకపోయినా ఆ లెక్క ఇప్పటికీ పనిచేస్తుంది. చాలా ఫోన్లలో స్లో మోషన్ సెకనుకి 120 బొమ్మలు తీస్తుంది. మామూలు వీడియో 30. నాలుగు రెట్లు, కాబట్టి పదహారో వంతు. పదడుగుల తరగతి గోడ ఏడున్నర అంగుళాలవుతుంది, తలుపు అయిదు అంగుళాలకి కొంచెం తక్కువ. కొన్ని ఫోన్లలో 240 కూడా ఉంటుంది. అప్పుడు అరవై నాలుగో వంతులో కట్టాలి, గోడ రెండంగుళాలైనా ఉండదు, కిటికీ ఊచలు కొయ్యడానికి చెయ్యి తిరగదు. 120 చాలు. అట్ట మందంగా ఉంటే విరగదు, వంగుతుంది. అందుకని గోడను ముందే ముక్కలుగా కోసి, సుద్దపొడి కలిపిన పిండితో అతికించి, బాగా ఆరనివ్వాలి. పగటి వెలుతురులో తియ్యాలి, ట్యూబులైటు కింద తీస్తే స్లో మోషన్‌లో వెలుగు కొట్టుకుంటుంది. ఫోన్ కన్ను బొమ్మ మనిషి కంటి ఎత్తులో, అంటే నేలనుంచి నాలుగంగుళాల లోపే ఉండాలి.